లైబ్రరీ పాస్ మీద వెళ్ళినవాళ్ళు

"నేను దిగను."

ఓజెల్లా ఆ మాట అనడం అది ఏడోసారి. కారు వచ్చి ఇంటిముందు ఆగి గంటన్నర దాటింది. వెనక సీట్లో కుడివైపు కూర్చుంది. పెట్టుకున్న బెల్టు పెట్టుకున్నట్టే ఉంది. ఒళ్ళో చేతిసంచీ, తలమీద ఆదివారాలు పెట్టుకునే టోపీ. డెబ్బై అయిదేళ్ళ మనిషి. జార్జియాలో సెప్టెంబరు ఎండ. నాలుగు తలుపులూ బార్లా తీసిపెట్టినా కారు లోపల పొయ్యిలా మండిపోవాలి.

మండటం లేదు. కూతురు రెనీటా వంగి తల లోపల పెట్టినప్పుడల్లా ముఖానికి చల్లగా తగులుతోంది. ఇంజను ఆపేసి తాళంచెవి జేబులో వేసుకుంది. మరి చల్లదనం ఎక్కణ్ణుంచి వస్తోందో ఆలోచించే తీరిక ఆమెకు లేదు. నాలుగు దాటి అయిదు నిమిషాలైంది.

నాలుగున్నరకి అన్న వెండెల్ వస్తాడు. చర్చి పెద్దల సమావేశం అవగానే తిన్నగా ఇక్కడికే వస్తానన్నాడు. కోటు జేబులో వృద్ధాశ్రమం కాగితాలు పెట్టుకుని వస్తాడు. కిందటి ఆదివారం భోజనాల దగ్గరే తేల్చి చెప్పాడు. "అమ్మ ఒక్కతే కూర్చుని మాట్లాడుకుంటోంది. ఇంకొక్కసారి నా కంటపడిందా, నేను సంతకం పెట్టేస్తా. నువ్వూ పెడతావు."

రెనీటా ఆ రోజు ఔననలేదు, కాదనలేదు. ఇద్దరి సంతకాలూ ఉంటేగాని ఆ కాగితం చెల్లదు.

"అమ్మా, అన్నయ్య వచ్చే టైమైంది. నీకు దణ్ణం పెడతాను, లోపలికి రా. మొక్కజొన్న రొట్టె వేడిచేసి పెడతా."

"దాన్నిక్కడ ఒక్కదాన్నే వదిలేసి రమ్మంటావా?"

"దేన్ని?"

ఓజెల్లా ఎడమవైపు ఖాళీ సీటు కేసి ఒకసారి చూసి, మళ్ళీ ముందుకి తిరిగింది. ఆ ఖాళీ సీటు మీద ఉడకబెట్టిన వేరుశనగల పొట్లం ఖాళీగా ఉంది. పక్కనే పొట్టు. ఒకదాని మీద ఒకటి బుద్ధిగా పేర్చిన చిన్న కుప్ప.

"హమ్మయ్య, వేరుశనగలైనా తిన్నావన్నమాట."

"నాకు వేరుశనగ పడక ముప్పయ్యేళ్ళయింది. నీకు తెలీదూ?"

తన కూతురు కెజయా తినుంటుంది, పదమూడేళ్ళ పిల్ల, ఆకలిపిల్ల, అని రెనీటా తనకు తనే సర్దిచెప్పుకుంది. కానీ వచ్చేటప్పుడు కెజయా ముందు సీట్లో తన పక్కనే కూర్చుంది. దారంతా నోరు మెదపలేదు. బ్యాగు గుండెకి హత్తుకుని కిటికీలోంచి చూస్తూ వచ్చింది.

రెనీటా జేబులో ఇంకో కాగితం ఉండచుట్టి ఉంది. పొద్దున వెళ్ళొచ్చిన పార్కు గేటు చీటీ. ఎండలకి జలాశయం తగ్గిపోయి ఒడ్డంతా బురద తేలింది. కిందటి నెల ఒకాయన నడుందాకా కూరుకుపోయాడట. అప్పట్నుంచి లోపలికి పోయేటప్పుడు తలలు లెక్కపెట్టి రాస్తున్నారు, బయటికి వచ్చేటప్పుడూ లెక్కపెట్టి రాస్తున్నారు. పోయేటప్పుడు ముగ్గురు. వచ్చేటప్పుడు నలుగురు.

"సరిగ్గా లెక్కపెట్టవయ్యా, మేం ముగ్గురమే" అంది రెనీటా గేటు దగ్గర.

ఆ కుర్రాడు వంగి ఇంకోసారి చూశాడు. "తక్కువైతే నేను భయపడాలి గానీ, ఎక్కువైతే ఏముందండీ" అని నవ్వి గేటెత్తాడు.

ఆమెకి నవ్వు రాలేదు. చీటీ నలిపి జేబులో కుక్కుకుంది.

అసలు ఆ గేటు సంగతే చెప్పాలి. బ్యూలా అనే ఊళ్ళో నలభై ఇళ్ళుండేవి. అందరూ నల్లవాళ్ళే, అందరూ సొంత భూమి పత్రాలున్న రైతులే. ఓజెల్లాకి ఏడేళ్ళప్పుడు కరెంటు కంపెనీ లోయకి అడ్డంగా ఆనకట్ట కట్టింది. నీళ్ళకి చదువు రాదు, పత్రాలు చూపిస్తే ఆగవు. కంపెనీకి చదువొచ్చు. అదీ ఆగలేదు. ఊరంతా మునిగాక ఆ నీళ్ళకి కంపెనీ పెద్దమనిషి పేరు పెట్టారు. ఒడ్డున పచ్చిక పరిచారు, బల్లలేశారు, గేటు పెట్టారు, కారుకింత అని టిక్కెట్టు పెట్టారు. ఊరు ముంచినవాడే ఊరు చూపించడానికి డబ్బులు పుచ్చుకుంటాడు! దీన్ని విహారం అన్నారు.

"మా నాన్న దున్నిన నేల చూడ్డానికి నేను టిక్కెట్టు కొనుక్కోవాలా?" అని ఓజెల్లా అరవై ఎనిమిదేళ్ళు ఆ గేటు దాటలేదు.

చివరికి కెజయానే కబురు తెచ్చింది. లైబ్రరీలో పుస్తకాల్లాగే పార్కు పాసులు కూడా ఇస్తున్నారు, కార్డు చూపిస్తే వారంరోజులు మనదే, పైసా ఇవ్వక్కర్లేదు అని. ముసలామె రెండురోజులు ఆలోచించింది. "లైబ్రరీ మన పన్నులతో కట్టింది. దాని పాస్ మనదే. అయితే పోదాం" అంది.

పొద్దున వెళ్ళారు. మునిగిన చర్చి మెట్లు మూడు నీళ్ళ పైకి తేలి ఉన్నాయి. ఓజెల్లా మోకాళ్ళు బురదలో దిగనివ్వలేదు. గట్టుమీద బల్లపై కూర్చుని ఆ మెట్లని చూసింది. అంతే. మళ్ళీ కారెక్కింది. ఇప్పుడు దిగనంటోంది.

*

వంటింట్లో కెజయా సింకు దగ్గర నిలబడి ఉంది. పంపు తిప్పి ఉంది, నీళ్ళు పోతున్నాయి, చేతులు మాత్రం పొడిగా ఉన్నాయి.

"నువ్వు రావే. నీ మాటైతే వింటుంది. మామయ్య వచ్చేలోగా ఎలాగైనా దింపాలి."

"అమ్మమ్మ దిగదమ్మా."

"నీకెలా తెలుసు?"

పిల్ల పంపు కట్టేసింది. బ్యాగు జిప్పు తీసి కాగితాల్లో చుట్టినదాన్ని బల్లమీద పెట్టింది. విప్పితే తెల్ల కప్పు. చిన్నది, అంచుకి నీలిగీత. బురద కడిగేసినా చెవి దగ్గర నల్లగా పట్టుకునే ఉంది. అడుగు లేదు. అడుగుభాగం ఎవరో కావాలని గుండ్రంగా కొట్టేసినట్టుంది.

రెనీటా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎక్కడిది?"

"మెట్ల వెనకాల, మట్టిదిబ్బ మీద. అక్కడ చాలా ఉన్నాయమ్మా. గవ్వలు, ప్లేటు ముక్కలు, గడియారం ఒకటి. ఎవరో చెత్త పారబోశారేమో అనుకున్నా. ఇది ఒక్కటే బాగుంది. అమ్మమ్మకి ఆ ఊరిది ఒక్క వస్తువు కూడా లేదు కదా, ఇద్దామని..."

"అది చెత్త కాదే!"

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. పిల్ల కళ్ళు నీళ్ళతో నిండాయి.

"మరి ఏంటి? నాకెవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. చెప్పనివ్వలేదు. ఈ వంటింట్లోనే, ఈ బల్ల దగ్గరే, ఎన్నిసార్లు ఓజెల్లా మొదలుపెట్టిందో అన్నిసార్లు రెనీటానే నోరు మూయించింది. "అమ్మా, ఆపు. పిల్ల రాత్రుళ్ళు జడుసుకుంటుంది. చచ్చినవాళ్ళ కబుర్లు దానికెందుకు? బడిలో చదువుకోనీ." బడిలో ఆనకట్ట ఎత్తెంతో చెప్పారు. దానికింద ఎవరున్నారో చెప్పలేదు.

రెనీటాకి తెలుసు. ఆమె చిన్నప్పుడు విన్నది. మనిషి పోయేముందు ఆఖరుసారి తాగిన కప్పు, తిన్న ప్లేటు సమాధి మీద పెడతారు. ముందు దాన్ని పగలగొట్టి పెడతారు, పోయినవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ మధ్య గొలుసు తెగిపోవాలని. పెట్టినదాన్ని ముట్టుకోరు. తీసినవాళ్ళ వెంట వస్తువు ఒక్కటే రాదు.

కంపెనీవాళ్ళు నీళ్ళొదిలేముందు సమాధులు లెక్కపెట్టి కొండమీదికి మార్చారు. రాతిఫలకం ఉన్నవే లెక్కపెట్టారు. గవ్వలూ కప్పులూ ఉన్న దిబ్బల్ని చూసి వాళ్ళూ చెత్తకుప్పలనే అనుకున్నారు. వాళ్ళదీ ఈ పిల్లదీ ఒకటే పొరపాటు. వాళ్ళకి ఎవరు చెప్పినా వినలేదు, దీనికి ఎవరూ చెప్పలేదు.

"అమ్మా" అంది కెజయా మెల్లగా. "వచ్చేటప్పుడు కారద్దంలో వెనక చూశావా నువ్వు?"

"లేదు."

"నేను ఒకసారి చూశా. మళ్ళీ చూడలేదు."

రెనీటా ఏం చూశావని అడగలేదు. గోడమీది ఫోన్ తీసుకుంది.

"లవీనియా గారా? నేను రెనీటా టార్ప్లీని. పార్కు పాస్ గురించండీ. ఇవాళ అయిదింటికి ఇచ్చెయ్యాలి కదా, ఇంకొక్క రోజు ఉంచుకోవచ్చా?"

"రెనీటా! నీ కోసమే చూస్తున్నానమ్మా." లైబ్రరీలో నలభై ఏళ్ళుగా ఆ బల్ల వెనక కూర్చున్న మనిషి ఆమె. "ఉంచుకోడానికి లేదమ్మా, నీ వెనక పదకొండుమంది ఉన్నారు. తరువాతి పేరు ఐసమ్ గారిది. మధ్యాహ్నం రెండింటికి వచ్చి కూర్చున్నాడు, తలమీది టోపీ కూడా తియ్యలేదు. ఎనభై మూడేళ్ళు. రేపు పొద్దున్నే పోవాలంటాడు. వాళ్ళదీ బ్యూలాయేగా."

"తెలుసండీ."

"ఆయన్ని ఇంకో వారం ఆగమని నన్ను చెప్పమంటావా? వానలు పడితే ఆ మెట్లు మళ్ళీ కనపడవు. నువ్వే వచ్చి చెప్పు."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. లవీనియాకి కోపమొస్తే అంతే.

*

రెనీటా కప్పుని కొంగులో దాచినట్టు వంటగుడ్డలో చుట్టి బయటికి తెచ్చింది. వెనకే కెజయా. కారు తలుపు దగ్గర మోకాళ్ళమీద కూర్చుని గుడ్డ విప్పింది.

ఓజెల్లా చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు.

"మందు దీంతోనే తాగించారు" అంది. "చేదని ఉమ్మేసింది. అమ్మ కొట్టింది. ఆఖరిరోజు కొట్టానే అని అమ్మ బతికినన్నాళ్ళూ ఏడ్చింది."

"ఎవరమ్మా?"

"పెర్లీ. మా అక్క. అయిదేళ్ళకి జ్వరంతో పోయింది. నాకప్పుడు మూడేళ్ళు." ఓజెల్లా పక్క సీటు వైపు తిరగకుండానే, ఎడమచేత్తో ఆ సీటు మీద ఒకసారి నిమిరింది. "అక్కని అక్కా అని పిలవాలంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంది. మనవరాలి కంటే చిన్నది."

ఆమె చెయ్యి తీసింది. అరచెయ్యి తడిగా ఉంది. పాంటుకి తుడుచుకుంది, ఏమీ జరగనట్టే.

"అమ్మమ్మా, నేనే తీశాను. నాకు తెలీదు. నీకిద్దామని..."

"నువ్వు తీశావని తెలుసే పిచ్చిమొద్దూ. ఈ ఇంట్లో ఇంకొకరి వస్తువు తీసి మరొకరికి ఇచ్చే గుణం నీ ఒక్కదానికే ఉంది. ఏడవకు. తిట్టాల్సిన మనిషి వేరే ఉంది." అని కూతురి కేసి చూసింది.

రెనీటా తల దించుకుంది. ఎండలో మిడతల రొద తప్ప ఏమీ వినపడలేదు. ఆ రొదలో, కారు లోపలి నుంచి చిన్నగా ఇంకో చప్పుడు వచ్చింది. పళ్ళు టకటకలాడే చప్పుడు. ఓజెల్లా నోరు మూసే ఉంది.

"పెర్లీ తన కప్పు కోసం వచ్చింది" అంది ఓజెల్లా. "పొద్దుగుంకేలోగా దిబ్బమీద పెట్టేస్తే కప్పుతోటే ఉండిపోతుంది. చీకటిపడితే దారి తెలీదు దానికి. మనతోటే ఇంట్లోకి వస్తుంది. వస్తే నేను పొమ్మనలేను రెనీటా. అదొక్కటే నాకు భయం. నేను పొమ్మనను."

రెనీటా అంతసేపూ తల్లి మొండికేస్తోందనుకుంది. కాదు. గడప దాటితే తను ఏం చేస్తుందో తెలిసి, తనని తనే బెల్టుతో కట్టేసుకుని కూర్చుంది.

"మరి పాస్? అయిదింటికి ఇచ్చెయ్యాలి. ఐసమ్ గారు లైబ్రరీలో కూర్చుని ఉన్నాడట."

"అయితే ఐసమ్‌ని ఎక్కించుకో. పాస్ కారుకి గానీ మనిషికి కాదుగా? ఎంతమంది పడితే అంతమంది. వాడి చెల్లెలూ ఆ దిబ్బలోనే ఉంది, రాయి లేకుండా."

"లవీనియా గారు ఒప్పుకుంటుందా?"

"వాడి పేరు రాసి, వాడి చేతికే ఇమ్మను పాస్. వాడి పాస్ మీద మనం పోదాం. నేను టిక్కెట్టు మాత్రం కొనను. చచ్చినా కొనను. ఇంకోసారి అడగొద్దు."

రెనీటాకి నవ్వొచ్చింది. ఆ పరిస్థితిలో నవ్వు రావడం చూసి ఆమెకే భయం వేసింది. లేచి, తాళంచెవి తీసి ముందు సీట్లో కూర్చుంది. "కెజయా, ఎక్కు. కప్పు పట్టుకో. జాగ్రత్త."

అప్పుడే వెండెల్ కారు వచ్చి సరిగ్గా వెనకాల, దారికి అడ్డంగా ఆగింది.

*

"ఏంటిది, కారులో కాపురం పెట్టారా?"

నల్లకోటు, నల్ల టై, చెమటకి మెరుస్తున్న బట్టతల. వెండెల్ చర్చిలో గొంతు చించుకునే రకం, ఇంట్లో గొంతు తగ్గించి చంపే రకం. ఇప్పుడు తగ్గించాడు.

"గంటన్నరగా ఇక్కడే ఉన్నారటగా. ఎదురింటివాళ్ళు ఫోన్ చేశారు. అమ్మ పక్క సీటుతో మాట్లాడుతోందని చెప్పారు. వీధంతా చూస్తోంది రెనీటా. నేనేం చెప్పాను నీకు?"

"కారు పక్కకి తియ్యి అన్నయ్యా. మేం వెళ్ళాలి."

"ఎక్కడికి?"

"బ్యూలాకి."

"బ్యూలా లేదు! డెబ్బై ఏళ్ళయింది పోయి! నువ్వు కూడానా?" కోటు మీద, గుండె దగ్గర అరచేత్తో తట్టాడు. లోపల కాగితాలు చప్పుడు చేశాయి. "అమ్మని నేను బాధపెట్టాలని తెచ్చానా? మొన్న పొయ్యి ఆర్పకుండా పడుకుంది. రేపు ఇల్లు తగలబడితే, ఈ పిల్లకేమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు? ఇవాళే పెట్టెయ్. ఇదిగో, ఇక్కడే, బానెట్ మీద."

పొయ్యి సంగతి నిజమే. రెనీటా దిగి తలుపు పట్టుకుని నిలబడింది. సంతకం పెట్టనంటే కారణం చెప్పాలి. ఏ కారణం చెప్పినా పిచ్చిలాగే ఉంటుంది.

"పెట్టను."

"ఎందుకు?"

"పెట్టను. అంతే."

"సరే. అమ్మనే అడుగుతాను. అమ్మే చెప్తుంది తన సంగతి." వెండెల్ కారు చుట్టూ తిరిగి ఎడమవైపుకి వచ్చాడు. తెరిచి ఉన్న తలుపు పట్టుకుని వంగాడు. "అమ్మా, ఒక్క మాట..."

ఆగిపోయాడు.

వంగినవాడు అలాగే ఉండిపోయాడు. కెజయా చేతిలో గుడ్డ బిగిసింది. వెండెల్ మెల్లగా వెనక్కి లేచి, రెనీటా దగ్గరికి వచ్చి, ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"అమ్మ సంగతి తరవాత. ముందు ఇది చెప్పు. ఎవరి పిల్లని ఎత్తుకొచ్చారు?"

రెనీటా అతని భుజం మీంచి కారు కేసి చూసింది.

"ఒళ్ళంతా తడిసి ఉంది. పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఇంతసేపు అలా కూర్చోబెట్టారా? మీకు బుద్ధుందా? దాని తల్లి ఎక్కడ వెతుక్కుంటోందో! పోలీసులకి ఫోన్ చేశారా లేదా?"

"అన్నయ్యా, అక్కడ..."

"తప్పుకో."

అతను నడుస్తూనే కోటు విప్పాడు. మళ్ళీ వంగాడు. చర్చిలోనూ ఇంట్లోనూ ఎన్నడూ వినని మెత్తని గొంతుతో, "ఇదిగో తల్లీ, కప్పుకో. భయపడకు. నేనున్నాగా" అన్నాడు. కోటు లోపలికి చాపి, రెండు అంచులూ దగ్గరికి లాగి, సర్ది, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

రెనీటా చూసింది. ఆమెకి అక్కడ ఎవరూ కనిపించలేదు. కోటు మాత్రం సీటు మీదికి జారిపడలేదు. అయిదేళ్ళ పిల్ల భుజాలు ఉండేంత ఎత్తులో, రెండు భుజాలూ నిలబెట్టుకుని ఉంది. అంచు నుంచి నీళ్ళు ఒక్కొక్క చుక్కే కారడం మొదలుపెట్టాయి.

చెల్లెలి ముఖం చూశాక వెండెల్‌కి అర్థమైంది. కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఓజెల్లా ముందుకే చూస్తూ అంది:

"లోపలి జేబులో కాగితాలున్నాయిగా, తీసుకోరా వెండెల్. తడిసిపోతాయి."

వెండెల్ చెయ్యి చాపలేదు.